ఎడమ చేతి కొలత

నా దగ్గర ఒక కొలతల పుస్తకం ఉంది. నల్ల అట్ట, నూట తొంభై రెండు పేజీలు. అందులో నూట ముప్పై ఏడో పేజీని ఏడేళ్లుగా మోస్తున్నాను. పుస్తకం ట్రంకు పెట్టె అడుగున ఉంటుంది. అయినా మిషను తొక్కుతున్నప్పుడు, కూర తరుగుతున్నప్పుడు, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు ఆ ఒక్క కాగితం బరువు నాకు తెలుస్తూనే ఉంటుంది. ఇంట్లో చెప్పలేదు. దేవుడి ముందు నిలబడి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకని మీకు చెప్పగలననిపించింది.

ముందే ఒక మాట. నేను పొరపాటు చేశానని రాయడం లేదు. పొరపాటైతే ఇన్నాళ్లు మోసే పని లేదు. తెలిసి చేశాను. చేస్తున్నంత కాలం లోపల హాయిగా ఉంది. ఆ హాయిని రాయకుండా మిగతాది రాస్తే సగమే చెప్పినట్టవుతుంది.

నేను ఆడవాళ్ల జాకెట్లు కుడతాను. బేర్ సరాయ్‌లో, కోచింగు పిల్లలు తినే మెస్సు పైన ఒక గది. కింద పప్పు తిరగమోత వేస్తే నా గుడ్డలకి ఆ వాసన పడుతుంది. దక్షిణ ఢిల్లీలో ఉండే తెలుగువాళ్ల ఇళ్లు చాలావరకు నా పుస్తకంలో ఉన్నాయి. ఏడో తరగతి దాకా చదివాను. కుట్టడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పెళ్లయిన కొత్తలో నా పాత జాకెట్టు ఒకటి కుట్లు విప్పి, ముక్కలు దినపత్రిక మీద పరిచి, ఏ ముక్క ఎంతుందో, మిగతావాటికి దానికీ లెక్కేమిటో రాసుకున్నాను. భిన్నాలు రాకపోతే సందు చివర పాత పుస్తకాల కొట్టులో ఉద్యోగ పరీక్షల లెక్కల పుస్తకం కొనుక్కుని వాటిని కూడా నేర్చుకున్నాను. ఒకసారి చూసిన అంకె నేను మరిచిపోను. అది నా గొప్ప. నన్ను ముంచింది కూడా అదే.

ఇంకో సంగతి తెలియాలి మీకు. మాస్టరు దగ్గర పని నేర్చుకున్న దర్జీలు ఒక చెయ్యే కొలుస్తారు. కుడి చెయ్యి కొలిచి, గుడ్డ మడత పెట్టి, రెండు చేతులూ ఒకేసారి కత్తిరిస్తారు. నాకు నేర్పినవాళ్లు లేరు. మనిషికి రెండు చేతులుంటే రెండు కొలతలు ఉండాలి కదా అనుకున్నాను. మొదటి రోజు నుంచీ రెండూ కొలిచాను. కుడిచేతి వాటం వాళ్లకి కుడి దండ, అంటే మోచేతికి పైన చుట్టుకొలత, పావంగుళం ఎక్కువ ఉంటుందని, పిల్లల్ని ఎడమ చంకన ఎత్తుకునేవాళ్లకి ఆ తేడా తగ్గుతుందని అలాగే తెలిసింది. ఢిల్లీలో ఇంకెవరి దగ్గర కుట్టించుకున్నా, నేను చెప్పబోయే ఆవిడ ఎడమ చెయ్యి ఎవరూ కొలిచేవారు కాదు. నేనే కొలిచాను.

ఆవిడ పేరు రాయను. మేడం అనే రాస్తాను, నేను పిలిచినట్టే. ఆవిడ భర్త కేంద్ర ప్రభుత్వంలో పెద్ద అధికారి. పదహారేళ్ల కిందట వాళ్ల క్వార్టరు వెనక, పనివాళ్లకిచ్చే గదిలో మేం ఉండేవాళ్లం. మా ఆయన ఏదో ఆఫీసులో కారు నడిపేవాడు. నేను మేడం ఇంట్లో పని చేసి, మిగిలిన వేళ ఆ గదిలోనే కుట్టుకునేదాన్ని. మా అమ్మాయి అప్పుడు పదో తరగతి. లత అంటాను, అసలు పేరు కాదు.

ఆ ఏడు కార్తీక మాసంలో కాలనీ పార్కులో తెలుగువాళ్లు వనభోజనాలు పెట్టుకున్నారు. నేను వడ్డిస్తున్నాను. మాటల మధ్య ఎవరో అన్నారు, ఈమెకు అందరి కొలతలూ నోటికొచ్చట, చెప్పించండి అని. ఒక్కొక్కరూ కొంగు వేలికి చుట్టుకుంటూ, సిగ్గుపడుతూ, అడిగారు. నేను చెప్పాను. గడగడా చెప్పాను. జీవితంలో మొదటిసారి అంతమంది చదువుకున్న ఆడవాళ్లు నా నోటివైపు చూస్తున్నారు. అప్పుడొకావిడ, మరి మీ మేడంవి, అంది. నేను ఆగలేదు. నడుము నలభై రెండున్నర అన్నాను. అక్కడితో ఊరుకున్నా పోయేది. పోయినేడాది ముప్పై తొమ్మిదే అన్నాను.

"ఆ లెక్కన సారు కన్నా మేడంకే ముందు ప్రమోషను వచ్చేట్టుందే," అంది ఆవిడ. అందరూ నవ్వారు. మేడం కూడా నవ్వారు. పులిహోర ఇంకొంచెం పెట్టమన్నారు నన్ను.

ఆ తరువాత నాలుగు నెలలు ఏమీ అనలేదు. మార్చిలో, లత పరీక్షలు మొదలైన వారంలో, గది వేరేవాళ్లకి కావాలి, గురువారానికల్లా ఖాళీ చేయమన్నారు. శుక్రవారం లత లెక్కల పరీక్ష. ఒక్క రెండు వారాలు అని కాళ్లు పట్టుకున్నాను. మీరు నమ్మాలి, నిజంగానే కాళ్లు పట్టుకున్నాను, ఆవిడ పాదాల మీద నా చేతులున్నాయి. ఆవిడ వెనక్కి జరగలేదు. అలాగే ఉండనిచ్చి, నెమ్మదిగా చెప్పారు.

"ఆడదాని కొలత నీ పుస్తకంలో ఉండాలి, నోట్లో కాదు. ఎక్కడికెళ్లినా ఇది గుర్తుపెట్టుకో."

గురువారం రిక్షాలో సామాను వేసుకుని వచ్చేశాం. శుక్రవారం పొద్దున లత అడ్మిట్ కార్డు కనబడలేదు. మూటలన్నీ విప్పాం. చివరికి దొరికింది. నా కొలతల పుస్తకంలో ఉంది. పోకుండా ఉంటుందని నేనే పెట్టాను. మేం వెళ్లేసరికి బడి గేటు వేసేశారు. భయ్యా, భయ్యా అని నేను బతిమాలినా కాపలావాడు తీయలేదు. నా కూతురు తప్పింది లెక్కల్లో. సున్నా కూడా కాదు, గైర్హాజరు. మళ్లీ రాయమంటే రాయలేదు. ఇప్పుడు లక్ష్మీ నగర్‌లో అమ్మాయిల హాస్టలు ఒకటి చూసుకుంటోంది. కోచింగుకి వచ్చిన పిల్లలు చేసుకునే లెక్కలు వెనక నిలబడి చూసి, ఎక్కడ తప్పారో చెప్పేస్తుందట.

కార్డు పుస్తకంలో పెట్టింది నేను. ఇది నాకు ఎప్పుడూ తెలుసు. కానీ ఆ తప్పులో నా వాటా ఎంతో లెక్క వేసుకోవడానికి నేను ఒక్కసారి కూడా కూర్చోలేదు. మొత్తం తీసుకెళ్లి ఆవిడ పేర రాశాను. ద్వేషించడానికి ఒక మనిషి ఉంటే ఎంత తేలికో మీకు తెలిసే ఉంటుంది.

ఐదేళ్ల తరువాత ఆవిడే వెతుక్కుంటూ వచ్చారు. సారు రిటైరయ్యారు, వసంత్ కుంజ్‌లో సొంత ఫ్లాటుకి మారారు. ఆ సన్నటి మెట్లెక్కి, గసపోస్తూ, నువ్వు తప్ప ఎవరు కుట్టినా నాకు భుజం జారిపోతోందమ్మా అన్నారు. పాత సంగతి ఎత్తలేదు. లతని అడగలేదు. నేను టేపు తీసుకున్నాను. ఎందుకు? పని వదులుకోలేక అని చాలాకాలం చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆవిడ నా టేపుకి అందేంత దూరంలో ఉండాలనిపించింది. ఏం చేస్తానో తెలియదు. ఊరికే దగ్గర ఉంచుకోవాలనిపించింది. ఒకసారి కావాలని మెడ అరంగుళం పైకి పెట్టాను. ఆవిడకి తెలియలేదు. ఆ అరంగుళానికే నాకు వారం రోజులు మనసు తేలిగ్గా ఉంది. కొలతలు తీసుకునేటప్పుడు ఒక్క అంకె పైకి అనేదాన్ని కాదు. కొలిచి, పక్కకి తిరిగి, రాసుకునేదాన్ని. ఆవిడ చెప్పినట్టే.

మూడేళ్లకి ఆవిడకి పొట్టలో క్యాన్సరు వచ్చింది. ఆపరేషను చేసి పొట్ట చాలావరకు తీసేశారు. మందులు ఎక్కించారు. జూన్‌లో కబురు పెట్టారు, జాకెట్లన్నీ ఒళ్లు తగ్గించాలని. వెళ్లి చూస్తే మనిషి సగమయ్యారు. నలభై రెండున్నర నడుము ముప్పై ఒకటి. దండలు రెండూ పదమూడున్నర ఉండేవి, రెండూ పదకొండు. మందులు బాగా పనిచేశాయట, ఎక్కడా ఏమీ లేదన్నారట. జాలి పడ్డానా? పడ్డాననే అనుకుంటున్నాను. కొంచెం.

అక్టోబరులో మళ్లీ కొలిచాను. కుడి దండ పది ముప్పావు. ఎడమ పదకొండుంబావు. ఒళ్లంతా ఇంకా తగ్గుతోంది, ఎడమ దండ పావంగుళం పెరిగింది. టేపు తప్పుగా పట్టానేమోనని మళ్లీ కొలిచాను. అంతే ఉంది. డిసెంబరులో కుడి పదిన్నర, ఎడమ పదకొండు ముప్పావు. టేపు బిగించినప్పుడు చర్మం కదిలింది, దాని కింద కండ కదలలేదు. పచ్చి జామకాయని గుడ్డలో చుట్టినట్టుంది. నాకు వైద్యం తెలియదు. కానీ మనిషి మొత్తం తరుగుతుంటే ఒక్కచోటే పెరగడం మంచిది కాదని తెలుసుకోవడానికి వైద్యం అక్కర్లేదు. కూడిక, తీసివేత వస్తే చాలు.

చెప్పలేదు. నోట్లో ఉండకూడదన్నారు కదా, పుస్తకంలో రాశాను. ఆటోలో వెనక్కి వస్తూ ఆ మాట అనుకుని నవ్వుకున్నాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తే.

చెప్పకపోవడంతో ఆగలేదు నేను. మా పనిలో కుట్టు లోపల అంగుళం గుడ్డ వదిలేస్తాం, మనిషి లావైతే విప్పుకోవచ్చని. ఎడమ చేతికి ఆ లోపలి గుడ్డ వదులు చేశాను. పాత కుట్టు గీత కనబడకుండా తడిచేసి ఇస్త్రీ చేశాను. కుడి చేతికి ఎంత వదులుందో కొలిచి, ఎడమ చేతికీ సరిగ్గా అంతే వదులు పెట్టాను. కొత్తగా కుట్టినవాటికి రెండు చేతులూ విడివిడిగా కత్తిరించాను. నా జీవితంలో అంత నేర్పుగా ఎప్పుడూ కుట్టలేదు. జాకెట్టు బిగిస్తే ఆవిడకి తెలిసిపోయేది. చెయ్యి ఎక్కించుకోవడం కష్టమైతే సారుకి చెప్పేవారు. గుడ్డ ఆ మాట చెప్పకుండా నేను దాని నోరు కుట్టేశాను. పైగా ఆవిడ మెచ్చుకున్నారు, నువ్వు కుట్టింది తొడుక్కుంటే తొడుక్కున్నట్టే ఉండదమ్మా అని.

ఫిబ్రవరిలో వెళ్లినప్పుడు బాల్కనీలో ఎండలో కూర్చున్నారు. భుజాల మీద శాలువా. నేను కొలుస్తుంటే, తొమ్మిదేళ్లలో మొదటిసారి, లత గురించి అడిగారు.

"మీ అమ్మాయి లెక్కల్లో గట్టిది కదూ. చివరికి ఏం చదివింది?"

ఆవిడకి తెలియదు. అప్పుడర్థమైంది నాకు. ఆ శుక్రవారం ఏం జరిగిందో ఆవిడకి తెలియనే తెలియదు. మమ్మల్ని పంపేసి, తలుపు వేసుకుని, మరిచిపోయారు. నేను తొమ్మిదేళ్లుగా రోజూ ఏది నెమరేస్తున్నానో అది ఆవిడ జీవితంలో జరగనేలేదు. తెలిసి చేసి ఉంటే ఇంత మండేది కాదేమో.

"హాస్టల్లో పని చేస్తోంది మేడం," అన్నాను.

"అచ్ఛా," అన్నారు. ఇంకేమీ అడగలేదు. ఎడమ చెయ్యి ముందుకి చాపారు. "ఇది చూడు. లావెక్కినట్టు లేదూ? ఆ పక్కకి తిరిగి పడుకుంటే నొప్పి. ఆయనతో అంటే, పడుకోవడం సరిగ్గా లేక అంటారు."

టేపు అప్పటికే ఆ చేతి మీద ఉంది. నా బొటనవేలి కింద పన్నెండున్నర. కుడి చెయ్యి అంతకు ముందే కొలిచాను, పదిన్నర. రెండంగుళాలు.

"లేదు మేడం. రెండూ ఒకటే."

"నిజం చెప్పు. నువ్వు లెక్క తప్పవు."

"రెండూ పదిన్నరే మేడం."

ఆవిడ నా ముఖంలోకి చూసి నవ్వారు. "మొత్తానికి కొలత పైకి అన్నావు. ఫర్వాలేదులే, ఈసారికి ఏమీ అనను." చెయ్యి శాలువాలోకి తీసుకున్నారు. "సరే, నాదే అనుమానం. మళ్లీ ఆసుపత్రి అంటే విసుగు నాకు."

అంటే ఆ మాట గుర్తుంది ఆవిడకి. అన్న మాట గుర్తుంది, చేసిన పని గుర్తులేదు. లేక ఆ నవ్వు క్షమాపణేమో. అలా అడిగేవాళ్లూ ఉంటారు. అప్పుడు నాకు ఆ ఆలోచనే రాలేదు. మెట్లు దిగుతూ నా మనసులో ఉన్నది ఒక్కటే మాట. గైర్హాజరు.

అరవై మూడు రోజుల తరువాత ఆవిడ చెయ్యి పైకి లేవలేదు. స్కాన్ తీశారు. సూది గుచ్చి ముక్క తీసి చూశారు. పొట్టలో క్యాన్సరే, చేతి కండలోకి వచ్చింది. ఆవిడ కూతురు శ్రేయ నా గదికి వచ్చి చెప్పింది. ఢిల్లీలో పుట్టిన పిల్ల, తెలుగు మధ్యలో ఆగిపోతుంది. ఈ జబ్బు కాలేయానికి పోతుంది, ఊపిరితిత్తులకి పోతుంది, కండలోకి రావడం చాలా అరుదని డాక్టరు అన్నారట. అరుదు కాబట్టి అక్కడ ఎవరూ చూడరట. తరువాత తుడుచుకోకుండా ఏడ్చింది.

"కిసీనే నహీ దేఖా, ఆంటీ. ఒక్కళ్లం కూడా చూడలేదు. అంత వాపుంటే బ్లౌజ్ టైట్ అవ్వాలి కదా? మమ్మీవన్నీ లూజుగానే ఉన్నాయి."

నేను ఆ పిల్లకి మంచినీళ్లు ఇచ్చాను. తాగి, గ్లాసు కడిగి పెట్టి వెళ్లింది.

ఆగస్టులో పోయారు. పొద్దున్నే శ్రేయ ఫోను చేసింది. సుమంగళిగా పోయారు కాబట్టి కొత్త చీర కట్టాలంటున్నారు పెద్దవాళ్లు, జాకెట్టు ఒక్కటీ పట్టడం లేదు, కొలతకి టైము లేదు, ఏదైనా చేయగలరా ఆంటీ అని. నేను చివరిసారి కొలిచి ఆరు నెలలైంది. పుస్తకం తీశాను. నూట ముప్పై ఏడో పేజీ. అక్టోబరు నుంచి డిసెంబరుకి అర పెరిగింది. డిసెంబరు నుంచి ఫిబ్రవరికి ముప్పావు. రెండు నెలలకోసారి పెరుగుదల పావు ఎక్కువవుతోంది. అలా అయితే ఏప్రిల్‌కి ఒకటి, జూన్‌కి ఒకటింబావు, ఆగస్టుకి ఒకటిన్నర. పన్నెండున్నరకి కలిపితే పదహారుంబావు. ఎర్ర గుడ్డ మీద అంతకే గీసి, వదులు కలిపి, కత్తిరించాను.

సరిపోయింది. శ్రేయ నన్ను గుమ్మం దగ్గర పట్టుకుని, చూడకుండానే ఇంత కరెక్టుగా ఎలా ఆంటీ, అంది. అలవాటమ్మా అన్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ ఒక్క క్షణం నాకు గర్వం వేసింది. పార్కులో పులిహోర గిన్నె పట్టుకుని నిలబడ్డప్పటి గర్వమే అది.

తరువాత నేను లెక్కలు వేశాను. నా తప్పు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి? అక్టోబరు నుంచా, ఆరు నెలలవుతుంది. అబద్ధం ఆడిన రోజు నుంచా, అరవై మూడు రోజులు. నా దగ్గర కుట్టించుకునే డాక్టరమ్మ ఒకావిడని ఇంకెవరి సంగతో అన్నట్టు అడిగాను. కండలోకి వచ్చిందంటే అప్పటికే ఒంట్లో వేరేచోట కూడా ఉండి ఉంటుంది, ముందు తెలిస్తే నొప్పి తగ్గించగలిగేవారు, ప్రాణం మాట చెప్పలేం అంది. ఇంటికొచ్చి ఆ మాటని రోజుల తరబడి పట్టుకుని కూర్చున్నాను. తేడా ఉండేది కాదేమో. ఉండేది కాదనే అనుకుందాం. అయినా అబద్ధం ఆడేటప్పుడు నాకు ఆ సంగతి తెలియదు కదా. తేడా ఉంటుందనుకునే ఆడాను. ఉండాలనే ఆడాను. నొప్పి సంగతయితే అనుమానమే లేదు. ఆ అరవై మూడు రోజులూ ఆవిడ ఆ పక్కకి తిరగలేక పడుకున్నారు, పక్కనున్నవాళ్లు అనుమానమే అన్నారు, అనుమానమేనని నేను కొలిచి మరీ చెప్పాను.

ఈ మధ్య లతతో మేడం మాట వచ్చింది. నాకు ఇప్పటికీ ఆవిడంటే కోపమేనా అని అడిగింది. నీకు లేదా అన్నాను. కార్డు నువ్వే కదమ్మా పెట్టావు పుస్తకంలో, అంది. నిష్ఠూరంగా అనలేదు. చపాతీ తిప్పుతూ అంది. నన్ను ఎప్పుడో వదిలేసింది, ఆవిడనీ వదిలేసింది. నేనే వదల్లేదు.

నిజం చెప్పమంటే, నాకు ఇంకా కోపమే. ఆవిడ పాదాల మీద ఉన్న నా చేతులు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పోయిన మనిషిని చూస్తే పగ చల్లారుతుందంటారు, నాకు చల్లారలేదు. పశ్చాత్తాపం ఒక పక్క, పగ ఒక పక్క, రెండూ నాలో ఉన్నాయి. ఒకదాన్ని ఒకటి కొట్టేస్తుందేమోనని ఏడేళ్లు చూశాను. కొట్టేయలేదు. శ్రేయ ఇప్పుడు నా దగ్గరే కుట్టించుకుంటుంది. ఆ పిల్ల రెండు చేతులూ కొలిచి, రెండూ పైకి చెప్తాను. ఎందుకు చెప్తానో అడగదు. ఠీక్ హై ఆంటీ, అంటుంది. తన తల్లి కొలతలు ఆ పిల్లకి చెప్పే ధైర్యం నాకు లేదు. రేపు వస్తుందని కూడా అనుకోను.

మీరు క్షమించాలని రాయలేదు. మీరు క్షమించినా లెక్కలోకి రాదు.

ఇది రాస్తుంటే మధ్యాహ్నమైంది. కింద మెస్సులో పళ్లేల చప్పుడు, పిల్లలు ఇంకో రొట్టె కోసం అరుస్తున్నారు. తలుపు వేశాను. పెట్టె అడుగు నుంచి పుస్తకం తీసి నూట ముప్పై ఏడో పేజీ తెరిచాను. ఫిబ్రవరి వరసలో నా చేతిరాత ముత్యాల్లా ఉంది, ఎక్కడా కొట్టివేత లేదు. అబద్ధం నోటితో ఆడాను. పుస్తకంలో నిజమే రాసుకున్నాను.

వేలు పెట్టి, నా చెవులకి వినబడేలా, పైకి చదివాను. కుడి చెయ్యి పదిన్నర మేడం. ఎడమ చెయ్యి పన్నెండున్నర.